టీకి కూడా ఆగలేదు

రోజూ పొద్దున్నే మా రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఉదయించే సూర్యుడి బొమ్మ వేసి, దాని కింద ఒక నీతి పంపుతారు. మొన్న వచ్చింది ఇది: "ఆలోచించి అడుగు వెయ్యి. అడుగు వేశాక ఆలోచించకు." దాని కింద గ్రూపులో సగం మంది దణ్ణం బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఫోను బోర్లా పెట్టి, లేచి వెళ్ళి నా భార్యకి పళ్ళు తోమించాను. మూడేళ్ళుగా నా రోజు అలాగే మొదలవుతోంది.

ముందు ఆలోచించాలా, చేశాక ఆలోచించాలా అన్న విషయం మీద మాట్లాడే హక్కు ఒడిశా కొండల మీది ఈ కొరాపుట్ మొత్తంలో నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. ముప్పై నాలుగేళ్ళు నేను జీతం తీసుకున్నదే ఆలోచించినందుకు. ఇక్కడికి దగ్గర్లోని ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగాను. కరెంటు పనిలో తొందరపాటుకి క్షమాపణ ఉండదు. మోటారు విప్పాలంటే ముందు దాని స్విచ్చు తీసి, స్విచ్చుకి తాళం వేసి, నా పేరున్న ఎర్ర అట్టముక్క దానికి కట్టి, తాళంచెవి నా జేబులో వేసుకుని, టెస్టరు పెట్టి చూసి, నమ్మకం లేక ఇంకోసారి చూసి, అప్పుడు ముట్టుకోవాలి. ఎవరు కట్టిన అట్ట వాళ్ళే విప్పాలి. పెద్ద ఆఫీసరు వచ్చి గంతులేసినా ఇంకొకరి అట్ట మీద చెయ్యి వెయ్యకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేను చెప్పే మాట ఒక్కటే, "బుర్ర ముందర, చెయ్యి వెనక." నా షిఫ్టులో ఒక్కరికి వేలు కూడా కాలలేదు. రిటైరైన రోజున దండ వేసి మైకులో అదే చెప్పారు. నేనూ తలొంచుకుని, నిజమే కదా అనుకున్నాను.

నా భార్యది రాయగడ. మా మామగారిది చింతపండు, పసుపు, వలిసె నూనెగింజల టోకు వ్యాపారం. వాళ్ళింట్లో నీతి నాదానికి సరిగ్గా తలకిందులు. సంత రోజున కొండల మీంచి బుట్టలు మోసుకుని దిగేవాళ్ళ కోసం వ్యాపారులు ఊరి బయటే దారిలో కాపు కాసేవారు. బుట్ట మీద ఎవరి చెయ్యి ముందు పడితే సరుకు వాళ్ళది. ఇంకో షావుకారు ఆ బుట్ట వంక కన్నెత్తి చూడకూడదు. ధర, తూకం, పసుపు పచ్చిదా ఎండిందా, అవన్నీ తర్వాతి మాటలు. అందులో న్యాయం ఉందని నేననను. బుట్ట మోసుకొచ్చిన ఆడమనిషిని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కానీ ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ చెయ్యి ముందు పరిగెత్తేది, బుర్ర వెనకాల రొప్పుకుంటూ వచ్చేది.

అలాంటి పిల్లని తెచ్చి నాలాంటివాడికి కట్టబెట్టారు. పెళ్ళైన మొదటి చలికాలం, కొండల మీంచి దిగి అల్లం అమ్ముకునే దేశియా ముసలావిడ ఒకరు మా క్వార్టరు గుమ్మంలో కూర్చుని వణుకుతుంటే, ఈవిడ మేకుకి తగిలించిన నా ఉన్ని కోటు తీసి ఆవిడ భుజాల మీద కప్పి పంపేసింది. కోటు జేబులో నా ఫ్యాక్టరీ గేటు పాసు ఉంది. మర్నాడు గేటు దగ్గర సెక్యూరిటీవాడు నన్ను దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టాడు. ఇంటికొచ్చి కేకలేశాను. "నానిచ్చింది కోటు, కార్డు కాదు కదా. సంతరోజుకి తెచ్చీస్తాది, సూడండి" అంది. ఆ ముసలావిడ నిజంగానే తరవాతి సంతకి నా కోటు వేసుకునే వచ్చి, పాసు చేతికిచ్చి, కోటుతో సహా వెళ్ళిపోయింది.

ఇంకోసారి పక్కింటి ఒడియా ఆవిడ వంటింట్లో గ్యాసు గొట్టం అంటుకుంది. నేను గుమ్మంలో నిలబడి, రెగ్యులేటరు ఎటువైపు ఉంది, మెయిన్ స్విచ్చు ముందు తియ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఈవిడ బకెట్టులో నానబెట్టిన దుప్పటి లాక్కొచ్చి, నన్ను భుజంతో పక్కకి తోసి, మంట మీద కప్పేసి రెగ్యులేటరు తిప్పేసింది. బయటకొచ్చి నీళ్ళు కారుతున్న చేతులు దులుపుకుంటూ అంది. "మీరు ఆలోసించీసరికి కొంపలు కాలిపోతాయి. అక్కడే నిలబడి ఆలోసించుకోండి, నాను అన్నం వార్సీసి వస్తాను."

ఇలా మా ఇంట్లో ముప్పై ఏళ్ళు వాదన నడిచింది. నేను 'నిదానమే ప్రధానం' అంటే తను 'ఆలస్యం అమృతం విషం' అనేది. సామెతలకేం, అవి రెండు పక్కలా సాక్ష్యం చెప్తాయి. తను తెలుగులో, ఒడియాలో, హిందీలో, సంతలోకి వెళితే కొండవాళ్ళ దేశియాలో కూడా దెబ్బలాడగలదు. నేను ఒక్క భాషలోనే ఓడిపోయేవాణ్ణి. రిటైరయ్యాక కొరాపుట్‌లోనే చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఒక్కతే కూతురు, విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటోంది.

ఇక్కడి తెలుగువాళ్ళకి ఒక మాట ఉంది. ఆంధ్రాని మేం ఆంధ్రా అనం, 'కింద' అంటాం. పొట్టంగి దాటి ఘాటీ దిగితే సాలూరు, అక్కణ్ణించి మన లోకం. పెళ్ళి బట్టలకి కిందకి. పన్ను పీకించుకోవడానికి కిందకి. కాన్పుకి కిందకి. మేం వచ్చిన కొత్తలో అది తప్పు కాదు, పెద్ద జబ్బు చేస్తే ఇక్కడ దిక్కులేదు. తర్వాత కొరాపుట్‌లోనే మెడికల్ కాలేజీ వచ్చింది, దాని ఆసుపత్రి వచ్చింది, స్కానింగులు తీస్తున్నారని పేపర్లో చదివాం. ఊళ్ళో అందరూ దాన్ని 'మెడికల్' అంటారు. మా ఇంటికి పది నిమిషాల దారి. అయినా మా తెలుగు ఇళ్ళల్లో ఎవరికీ అటు కాలు సాగేది కాదు. ఎప్పుడో ఎవరో పెద్దవాళ్ళు ఇక్కడి ఆసుపత్రికి ఒక ఎర్ర అట్ట కట్టేసి పోయారు. దాన్ని విప్పవచ్చని మాలో ఎవరికీ తోచలేదు.

మూడేళ్ళ కిందట, వానలు వెనకబడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర. నా భార్య గుమ్మంలో నిలబడి పాలవాడితో ఒడియాలో దెబ్బలాడుతోంది. పాలల్లో నీళ్ళు కలిపావు అన్నది వాదన. నేను లోపల పేపరు చదువుతూ వింటున్నాను. మాట మధ్యలో ఆమె ఒడియా ముద్దైపోయింది. నోట్లో అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. పాలవాడు తనని వెక్కిరిస్తోందనుకుని నవ్వాడు కూడా. తర్వాత కుడిచేతిలోంచి పాలగిన్నె జారి మెట్ల మీద దొర్లింది. నేను వెళ్ళేసరికి మూతి ఒక పక్కకి లాగేసి ఉంది.

కుర్చీలో కూర్చోబెట్టాను. నేను కంగారు పడలేదు. కంగారు పడనందుకు, ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది గానీ, లోపల కాస్త గర్వపడ్డాను. కాగితం, పెన్సిలు తీసుకున్నాను. చెయ్యాల్సిన పనులు వరసగా రాసుకున్నాను.

గిన్నె చప్పుడు విని పక్కింటి ఒడియా మాస్టారు లుంగీతోనే పరిగెత్తుకొచ్చారు. ఆయన రిటైరైన బడిపంతులు. చూడగానే బయటికి వెళ్ళి, దారినపోయే ఆటోని ఆపి, మా గేటు ముందు నిలబెట్టి వచ్చారు. "మెడికల్ పక్కనే ఉంది కదా సార్, పదండి, నేనూ వస్తాను" అన్నారు హిందీలో. ఆటో ఇంజను ఆడుతూనే ఉంది, ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఆయనకి దణ్ణం పెట్టి, "ఒక్క నిమిషం మాస్టారూ, మావాళ్ళతో మాట్లాడి చెప్తాను" అన్నాను.

మొదటి ఫోను రాయగడలో ఉన్న బావమరిదికి. ఇప్పుడు వాళ్ళ నాన్న వ్యాపారం తనే చూస్తున్నాడు. వాడు ఒక్క క్షణం తడుముకోలేదు. "బావగారూ, అక్కడేటీ సూపించకండి. ఒకపాలి సేర్సుకున్నారంటే మరి బయటికి ఒగ్గరు. మీరు కిందకి దింపీండి. నాను పార్వతీపురం మీదగా వచ్చి అక్కడ కలుస్తాను. మా అప్పకేటీ అవ్వదు." రెండో ఫోను కూతురికి. అది ఏడుస్తూనే అంది, "ఇక్కడికి తెచ్చీండి నాన్నా, నేను బెడ్డు మాట్లాడి ఉంచుతాను." మూడో ఫోను మా పాత షిఫ్టువాడికి, పెద్ద కారున్న మంచి డ్రైవరు కావాలని. ఘాటీలో చిన్నకారైతే ఆమెకి కుదుపు తగుల్తుందని నా ఆలోచన.

తర్వాత బయటికి వెళ్ళి ఆటోవాడికి ఇరవై రూపాయలిచ్చి పంపేశాను. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ పొద్దున్న మా తెలుగువాళ్ళ ఊరంతా ఒక దారి. ఉలిపికట్టె ఆ ఒడియా మాస్టారు.

కాగితం మీద రాసుకున్నవన్నీ వరసగా చేశాను. పాత బీపీ రిపోర్టులు, ఆధార్ కార్డులు, రెండు తలగడలు, ఫ్లాస్కులో వేన్నీళ్ళు, ఆమెకి మార్చుకోవడానికి చీరలు. చేసినదానికల్లా టిక్కు పెట్టుకున్నాను. ఆమె కుర్చీలోంచి నన్నే చూస్తోంది. అప్పటికి ఇంకా మాట పూర్తిగా పోలేదు. రెండుసార్లు నోరు తెరిచి ఏదో అనడానికి పెనుగులాడింది. నేను దగ్గరికి వెళ్ళి, తల నిమిరి, "నువ్వు మాట్లాడకు, అలిసిపోతావు" అన్నాను. ముగ్గురికి ఫోన్లు చేసి అడిగాను. ఎదురుగా కూర్చున్న మనిషిని నోరు మూసుకోమన్నాను.

ఆ పొద్దున్న నేను గంటన్నరసేపు ఆలోచించానని అందరూ నమ్ముతారు. నేనూ చాలా రోజులు నమ్మాను. నిజానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎక్కడికి వెళ్ళాలో నా కాళ్ళకి ముందే తెలుసు. నేను ఆలోచించిందల్లా ఏ కారులో అన్నదే.

కారు పదింటికి వచ్చింది. మా వీధిలోంచి పెద్దరోడ్డు ఎక్కాలంటే ఆ ఆసుపత్రి గేటు ముందునుంచే వెళ్ళాలి. ఆమెని కిటికీ పక్క కూర్చోబెట్టి, నేను ఆనుకుని కూర్చున్నాను. గేటు దగ్గర ఆటోలు అడ్డం తిరిగి, డ్రైవరు కాస్త నెమ్మదించాడు. అప్పుడు ఆమె ఎడమచేత్తో కారు అద్దాన్ని కొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గాజులు టకటకమన్నాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని నా ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులతో మూసి పట్టుకున్నాను. "ఏటీ కాదు, ఏటీ కాదు, పడుకో" అన్నాను. చెయ్యి కాసేపు గింజుకుంది. తర్వాత గింజుకోవడం మానేసింది.

పొట్టంగి దగ్గర మంచు. ఘాటీలో లారీ ఒకటి మలుపులో ఆగిపోయి, వెనకాల బళ్ళన్నీ బారులు తీరాయి. ఆమె కళ్ళు మూసుకుపోయాయి. "నిద్ర పట్టింది, ఆ పాటలు కట్టెయ్యి బాబూ" అన్నాను డ్రైవరుతో. నాకు హాయిగా అనిపించింది. అది నిద్ర అనుకున్నాను.

మధ్యాహ్నం మూడున్నర దాటాక విశాఖపట్నంలో ఆసుపత్రి చేరాం. కూతురు, బావమరిది స్ట్రెచరు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మా ఏర్పాటులో ఎక్కడా లోపం లేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే కూడా చిన్నదేమో. ఎప్పుడు మొదలైంది అని అడిగింది. ఎనిమిదిన్నరకి అన్నాను. గోడ గడియారం వైపు చూసింది.

"మధ్యలో ఎక్కడా ఆగలేదా?"

"లేదమ్మా. టీకి కూడా ఆగలేదు" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"కొరాపుట్‌లో పెద్దాసుపత్రి ఉంది కదండీ. మీ ఇంటికి ఎంత దూరం?"

"పది నిమిషాలు."

ఆమె రాస్తున్న కలం ఆగింది. మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. ఈ జబ్బుకి మొదటి కొద్ది గంటలే గంటలని, ఆ లోపల స్కాను తీస్తే ఇవ్వడానికి ఒక ఇంజెక్షను ఉంటుందని, ఇప్పుడు దానికి వేళ దాటిపోయిందని మెల్లిగా చెప్పింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది, ఆమె మీద కోపం పెట్టుకుని బతికేవాణ్ణి. బయట బెంచీ మీద బావమరిది నా భుజం మీద చెయ్యి వేసి, "మనం సెయ్యాల్సిందంతా సేసేం బావగారూ" అన్నాడు. వాడి చెయ్యి తీసేశాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ కొరాపుట్ వచ్చాం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి దక్కలేదు, మాట దక్కలేదు. నాలుగు భాషల్లో దెబ్బలాడిన మనిషికి ఓ పది మాటలు మిగిలాయి. ఆఁ, లేదు, నీళ్ళు, పద, చాలు, ఇలాంటివి. అన్నీ అర్థమవుతాయి. పేపరు ముందు పెడితే కళ్ళతో చదువుతుంది. పాలవాడు నీళ్ళ పాలు పోస్తే వాడి వంక చూసే చూపులో తిట్లన్నీ ఉంటాయి, కానీ నోటికి రావు. వాడిప్పుడు ఇంకాస్త నీళ్ళు కలుపుతున్నాడు. నేను దెబ్బలాడలేను, నాకు రాదు.

చూడవచ్చినవాళ్ళందరూ ఆలోచనలు తెచ్చారు. ముందే మసాజు చేయించాల్సింది అని ఒకరు. బీపీ మాత్రలు మార్చాల్సింది అని ఒకరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, ఇక్కడ చేతులు కాలింది ఒకరివి, ఆకులు పట్టుకొచ్చింది ఊరందరూ. ఒక్క మాస్టారు మాత్రం ఏ సలహా తేలేదు. వారానికి రెండుసార్లు ఆటో పిలుచుకొచ్చి, మమ్మల్ని ఎక్కించి, వెళ్ళిపోయేవారు.

ఆ ఆటో వెళ్ళేది ఎక్కడికనుకున్నారు? మెడికల్‌కే. అక్కడే ఆమెకి ఫిజియోథెరపీ. ఒక ఒడియా అమ్మాయి ఓపిగ్గా వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, మూసి, మాటలు పలికిస్తుంది. మంచి పిల్ల. ఆ రోజు ఇక్కడికే వచ్చి ఉంటే ఆ ఇంజెక్షను ఇచ్చేవాళ్ళా అని ఆ అమ్మాయిని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇచ్చేవాళ్ళం అంటే ఏం చెయ్యను? లేదు అంటే మాత్రం నాకేం ఒరుగుతుంది? ఆ రోజు నేను ఇక్కడ ఆ ఇంజెక్షను లేదని తెలిసి వెళ్ళిపోలేదు కదా. గేటు దాటేటప్పుడు నేను ఫోను చూసుకుంటాను.

కానీ నన్ను తినేస్తున్నది అది కాదు. ఆ మూడు దెబ్బలు. ఆ రోజు ఆమె అద్దం ఎందుకు కొట్టింది? ఆపమనా? నా దగ్గర వేరే కారణాలు నాలుగున్నాయి, నాలుగూ నేనే తయారుచేసుకున్నవి. గాలాడక కొట్టి ఉండొచ్చు. తెలిసినవాళ్ళెవరో కనిపించి ఉండొచ్చు. నరాలు దెబ్బతింటే చెయ్యి తనంతట తనే ఎగిరి ఉండొచ్చు. కారు ఎక్కడం ఇష్టం లేక కొట్టి ఉండొచ్చు. అడిగితే తేలిపోతుంది. ఆఁ అనడానికి, లేదు అనడానికి ఆమె దగ్గర మాటలున్నాయి. సరిగ్గా ఆ రెండూ ఉన్నాయి. అందుకే అడగలేదు. అడగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. బుర్ర ముందర కదా.

మొదటి దసరాకి కూతురొచ్చింది. అమ్మకి జడ వేస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది. "నాన్నా, కన్వేయరు బెల్టులో మనిషి చెయ్యి ఇరుక్కుంటే ఏం చేసేవారు మీరు?"

"స్విచ్చు కొట్టేస్తాం."

"ఏ స్విచ్చు? అన్నిటికంటే మంచిదా, దగ్గర్లో ఉన్నదా?"

అది జడ సగంలో వదిలేసి ఏడ్చింది. "నేనూ తెచ్చీండనే అన్నాను నాన్నా. మిమ్మల్నొక్కరినే అనట్లేదు" అంది. వాళ్ళమ్మ అద్దంలోంచి మా ఇద్దర్నీ చూస్తూ కూర్చుంది. వెనక్కి చెయ్యి పెట్టి, విడిపోతున్న జడని ఎడమచేత్తో పట్టుకుంది.

ఈ వేసవిలో మా బావమరిదికి రాయగడలో కొట్లో బస్తాల మధ్య ఉండగా గుండెల్లో నొప్పొచ్చింది. వాడి పెళ్ళాం నాకు ఫోను చేసింది. ఈసారి నేను కాగితం తియ్యలేదు. "అక్కడ ఆసుపత్రి ఉందా లేదా? ముందు అక్కడికి తీసుకెళ్ళు. ఇప్పుడే. కింద సంగతి తర్వాత" అని అరిచాను. నా అరుపుకి నా భార్య కుర్చీలో ఉలిక్కిపడింది. అరగంట పోయాక మళ్ళీ చేస్తే, కారు పార్వతీపురం దారిలో ఉంది. "మావోలందరూ కిందకే అన్నారు అన్నియ్యా" అంది ఆ పిల్ల.

వాడికేమీ కాలేదు. దార్లో ఏ లారీ ఆగలేదు. గుండెలో గొట్టం వేశారు, వారం రోజుల్లో లేచి తిరిగాడు. నెల తిరక్కుండా మామిడిపళ్ళ బుట్టతో బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. వాడు బతికినందుకు నాకు సంతోషమే. వాడు బతికి నా మాట తప్పు చేసినందుకు కడుపు మండింది. రెండూ నిజమే, ఏదీ దాచుకోను.

అక్కగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, పండు చెక్కు తీస్తూ అన్నాడు. "సూసేరా బావగారూ? మీ మాటిని అక్కడే ఉండిపోతే ఏటయ్యీదో! కిందకి దిగేను కాబట్టి ఇలాగ కూకున్నాను." అక్కడితో ఊరుకోలేదు. "అప్ప విసయంలోనూ మనం సరిగ్గానే ఆలోసించేం. ఎవులూ తప్పు సెయ్యలేదు. దాని గీత అలాగున్నాది, మరేటి సేస్తాం." ముక్క కోసి ఆమె నోటికి అందించాడు. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. వాడు "పులుపేమో" అని తనే తినేశాడు.

మధ్యాహ్నం బస్సుకి వాడు వెళ్ళిపోయాడు. నేను తలుపు వేసి వచ్చాను. ఆమె టీవీ ముందు కూర్చుంది, ఏదో సీరియలు వస్తోంది. వాడు లేచిన కుర్చీలోనే కూర్చున్నాను. ఆలోచించి కాదు, దగ్గర్లో ఉందని కూర్చున్నాను. కూర్చున్నాక నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"ఆ రోజు కారులో, మెడికల్ గేటు కాడ, అద్దం కొట్టేవు కదా. ఆపమనేనా?"

ఆమె టీవీ మీంచి చూపు తిప్పి నన్ను చూసింది. ఆమె ఏదైనా అనాలంటే మాట కోసం లోపల వెతుక్కోవాలి, దవడ కదిలించుకోవాలి, ఒక్కోసారి నిమిషం పడుతుంది. మధ్యలో మనం అందించకూడదని ఆ ఒడియా అమ్మాయి చెప్పింది. నేను అందించలేదు. ఆఁ అంటుందా, లేదు అంటుందా అని ఆమె పెదాల వైపే చూస్తున్నాను. రెండూ రాలేదు. చివరికి ఒక్కో ముక్కా తోసుకుంటూ వచ్చాయి.

"ఇప్పుడా... అడిగీది?"

మూడేళ్ళలో ఆమె కూడబలుక్కున్న అతి పెద్ద మాట అది. తర్వాత ఎడమచేత్తో ఒళ్ళోని రిమోటు తీసుకుని, టీవీ చప్పుడు పెంచింది.